రాయడానికి సంగతులు ఎక్కడ దొరుకుతాయి?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే బాధ చెప్పుకున్నాయి. రాయాలన్న కోరిక ఉంది, కొందరికి తీరిక కూడా ఉంది, కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఏమీ తోచడం లేదన్నది ఆ బాధ. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి పుటలన్నీ ఈ ఒక్కదానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలన్నీ పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ళ నుంచి వచ్చినవే కనుక ఉదాహరణలు కూడా ఇక్కడివే తీసుకున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు. ఊరి పేరు చాలు.

ప్రశ్న: నేను ఇప్పటి వరకు ఐదు కథలు రాశాను, రెండు అచ్చయ్యాయి. ఆ ఐదింటితో నా దగ్గరున్న సరుకంతా అయిపోయింది. వలసల గురించి రాద్దామంటే ఇదివరకే ఎందరో రాశారు. అత్తాకోడళ్ళ గురించి రాద్దామంటే టీవీ సీరియళ్ళు ఏమీ మిగల్చలేదు. కొత్త ఆలోచన రావాలంటే ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, పాలకొండ)

జవాబు: అమ్మా, మీ సరుకు అయిపోలేదు. మీరు విషయాన్నీ సంగతినీ ఒకటే అనుకుంటున్నారు. వలస అన్నది విషయం. సంక్రాంతికి ఊరు వచ్చి, కనుమ మర్నాడు హైదరాబాదు బస్సెక్కిన కొడుకు, తల్లి కట్టి ఇచ్చిన చోడిపిండి (రాగిపిండి) మూటను బస్సులోనే మరచిపోయి, రెండు రోజుల తరువాత ఆమె ఫోను చేసి ‘అంబలి కాసుకున్నావా బావూ’ అని అడిగినప్పుడు ‘కాసుకున్నానమ్మా, బాగుంది’ అని చెప్పడం సంగతి. విషయాలు లెక్క వేస్తే ఇరవయ్యో ముప్పయ్యో తేలుతాయి. అవన్నీ మన ముత్తాతల నాటికే ఖర్చయిపోయాయి. సంగతులు అలా కావు. ఒక్కొక్క ఇంట్లో పొద్దున లేచినది మొదలు దీపం ఆర్పే వరకు పది పుడుతుంటాయి.

ఇందుకు విజయనగరంలోనే పెద్ద దాఖలా ఉంది. గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం నాటకాన్ని 1897లో తొలిసారి అచ్చు వేసినప్పుడు దానికి ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. అంతకు సుమారు పదేళ్ళ కిందట మహారాజా వారి ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ, జాబితా ఒకటి తయారైందనీ, మూడేళ్ళలో అటువంటి పెళ్ళిళ్ళు 1,034 లెక్కకు వచ్చాయనీ, అంటే ఏడాదికి సగటున 344 అనీ అందులో చెప్పారు. ఆ పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. బాల్యవివాహం అప్పటికి కొత్త విషయం కాదు; సంస్కర్తలు దాని మీద ఉపన్యాసాలిస్తూనే ఉన్నారు. ఆ జాబితాను చదివి, అయ్యో అనుకుని, మడిచి పక్కన పెట్టేవారికి అది అంకెల వరుస. ఆ పిల్లకు ఎంత వెల కట్టారు, బేరం కుదిర్చినది ఎవరు, ఆ డబ్బు తండ్రికి ఏ అవసరానికి పనికివచ్చింది, మాట ఖాయమైనదని విన్న తల్లి ఏం చేసింది అని వరసగా అడుగుతూ పోయేవారికి అందులో నాటకం కనబడుతుంది. నాటకంలో సుబ్బి పెళ్ళి మాట విని ఆమె తల్లి వెంకమ్మ నూతిలో దూకడం ఆ చివరి ప్రశ్నకు జవాబే.

పెద్దవాళ్ళు చిన్నప్పుడు మనల్ని ‘ఎందుకురా అన్ని ఆరాలు’ అని విసుక్కునేవారు. రాసేవారికి ఆలోచనల కంటె ముందు ఉండవలసినది ఆ ఆరా. మీకు సీతంపేట సంత దగ్గర. అనాస పళ్ళ కాలంలో ఒకసారి వెళ్ళి, మధ్యాహ్నం మూడు దాటే వరకు అక్కడే కూర్చోండి. పళ్ళు తెచ్చిన సవర స్త్రీలు సాయంత్రానికి మిగిలిపోయిన వాటిని ఏం చేస్తారో చూడండి. మళ్ళీ కొండెక్కించి మోసుకుపోతారా, బేరగాడు చెప్పిన ధరకు వదిలేస్తారా, వదిలేసినప్పుడు ఆ మాట ముందుగా ఎవరి నోట వస్తుంది, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారా? ఇంటికి వచ్చాక ‘గిరిజనుల దోపిడీ’ అని శీర్షిక రాసుకోకండి. ఆమె పళ్ళు వదిలేసి బస్సు కోసం నడిచేటప్పుడు ఖాళీ బుట్టను ఎలా పట్టుకుందో రాసుకోండి.

ప్రశ్న: బడి నుంచి వచ్చాక రోజూ ఒక పుట రాసుకునే అలవాటు పెట్టుకున్నాను. ఏడాది గడిచింది. తిరగేసి చూస్తే కథకు పనికివచ్చే ముక్క ఒక్కటీ కనబడలేదు. మచ్చుకు మూడు పుటలు పంపుతున్నాను. (ఒక ఉపాధ్యాయుడు, రాజాం)

జవాబు: మీ మూడు పుటలు శ్రద్ధగా చదివాను. దస్తూరి ముచ్చటగా ఉంది. ‘మనుషులలో ఆప్యాయత తగ్గిపోతోంది’, ‘కాలం ఎంత వేగంగా మారిపోయింది’, ‘డబ్బే సర్వస్వం అయిపోయింది’ అన్న వాక్యాలు మూడు పుటలలో కలిపి పదకొండు లెక్క తేలాయి. ఇవన్నీ అభిప్రాయాలు. కథ చదవడం పూర్తయ్యాక పాఠకుడు తనంతట తాను అనుకోవలసిన మాటను మీరు సాయంత్రం ఆరు గంటలకే రాసి ముగించేస్తున్నారు. అది రాశాక ఇక వెతకవలసినది మిగలదు, మర్నాటికి ఆ పుట చల్లారిపోతుంది.

రేపటి నుంచి ఎడమ పుటలో మీ చెవిన పడిన మాటనూ, కంటబడిన పనినీ, ఎవరో చెప్పిన ధరనూ మాత్రమే రాయండి. మాటను విన్నది విన్నట్టు రాయండి, వ్యాకరణం సరిచేయకండి. ఎదురుగా కుడి పుటలో దాని మీద మీకు జవాబు తెలియని ప్రశ్న ఒక్కటి రాయండి. మూతబడిన జూట్ మిల్లుల గురించి మన వైపు ఎవరిని కదిపినా గంటసేపు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పును వదిలేసి, మిల్లు మూతబడినా దాని గేటు ఎదుట టీ దుకాణం ఇంకా ఎందుకు తెరిచి ఉన్నది అని అడగండి. అక్కడ టీ తాగేది ఎవరు? పాత షిఫ్టు వేళకే వస్తున్నారా? ఆదివారం ఉదయం ఆ వారపు కుడి పుటలన్నీ చదివి, ఏ ప్రశ్న ఇంకా నిద్ర పట్టనివ్వకుండా ఉన్నదో దాని వెంట బయలుదేరండి.

పొందూరు కూడా మీకు దగ్గరే కదా. అక్కడి సన్న ఖద్దరు వంద కౌంటుకు పైబడిన నూలుతో నేస్తారనీ, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారనీ ప్రతి వ్యాసంలోనూ చదువుతాము. చదివి ఆశ్చర్యపోయి ఊరుకుంటాము. ఆ దవడను ఎవరు తెచ్చి అమ్ముతారు, ఒక దవడ ఎన్నాళ్ళు పని చేస్తుంది, పళ్ళు అరిగిపోయినదాన్ని పారేస్తారా దాచుకుంటారా, చేప తినని ఇంటి ఆడవాళ్ళు దాన్ని పట్టుకోవడానికి మొదట్లో ఏమనుకున్నారు? వడికే ఒక ముసలమ్మ దగ్గర అరగంట కూర్చుంటే ఈ నాలుగింటికీ జవాబులు దొరుకుతాయి. మీరు వేయని ఐదో ప్రశ్నకు ఆమె ఏదో చెబుతుంది చూడండి, కథ అక్కడ ఉంటుంది.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, నాకు జీవితానుభవం లేదు. ఫోన్‌లో కృత్రిమ మేధను అడిగితే నిమిషంలో పది కథావస్తువులు ఇచ్చింది. వాటిలో ఒకటి తీసుకుని రాస్తే తప్పా? (ఒక విద్యార్థి, విజయనగరం)

జవాబు: తప్పు కాదు నాయనా, దండగ. నువ్వు ఉత్తరంలో ఎత్తిరాసిన పదింటిలో వృద్ధాశ్రమంలో తండ్రి ఉన్నాడు, అటక మీద దొరికిన పాత డైరీ ఉంది, ఉద్యోగం వదిలి పొలానికి తిరిగి వచ్చిన ఇంజనీరు ఉన్నాడు. లోకంలో ఎక్కువమంది రాసినవే కలిపి ముందుగా అందించడం దానికి సులువు. నీకిచ్చిన పదీ రేపు గుంటూరులో అడిగినవాడికీ ఇస్తుంది. ఆ పదింటిలో మీ ఊరి గెడ్డ (వాగు) పేరు ఉందా? మీ హాస్టల్‌లో ఆదివారం కోడికూర వండే రోజున మాత్రం ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయి, మిగతా సెలవులన్నింటికీ ఊరికి పరుగెత్తే కుర్రాడు ఒకడు తప్పక ఉంటాడు. వాడి సంగతి ఆ ఫోనుకు తెలియదు, నీకు తెలుసు. అనుభవం లేదని చెప్పుకునే వయసులో ఉండే అనుభవం అటువంటిదే. కొబ్బరి ఎన్నేళ్ళకు కాపుకు వస్తుంది వంటి సమాచారం కావాలంటే ఫోన్‌ను నిరభ్యంతరంగా అడుగు, అయితే అచ్చుకు పంపే ముందు ఒక రైతును కూడా అడిగి సరిచూసుకో.

ప్రశ్న: నేను ఒక పత్రికకు గ్రామీణ విలేకరిని. ప్రతి ఏడాదీ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీద ప్రత్యేక వ్యాసం రాయమంటారు. ఏడేళ్ళుగా రాస్తున్నాను. ఇంక రాయడానికి ఏం మిగిలింది? (ఒక విలేకరి, విజయనగరం సమీపం)

జవాబు: మీరు ఏడేళ్ళూ ఒకే చోట నిలబడి చూశారు కనుక మీకు మిగలలేదు. విజయదశమి తరువాతి మంగళవారం ఉత్సవం జరుగుతుందనీ, పూజారి సిరిమాను అనే పొడవాటి మాను చివర ఆసనం మీద కూర్చుంటాడనీ, అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుందనీ, ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల సాగుతాయనీ విజయనగరంలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో మొదలయ్యే ఐతిహ్యాన్ని కూడా ఈసారికి విశ్రాంతిగా ఉండనివ్వండి.

మాను ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి వెళ్ళండి. అది చింతచెట్టు. అమ్మవారు కలలో కనబడి ఆ చెట్టు జాడ చెబుతుందని పూజారి కుటుంబం నమ్మకం. ఎవరో ఒకరి తోటలోనో దొడ్డిలోనో ఆ చెట్టు ఉంటుంది, దానికి పసుపు కుంకుమలతో పూజ చేసి కొట్టుకు వస్తారు. ఆ కబురు తెలిసిన రోజున అందరూ ఆ ఇంటికి వెళ్ళి ఫొటోలు తీస్తారు. మీరు ఏడాది తిరిగాక వెళ్ళండి. చెట్టు ఉన్న చోట ఇప్పుడు ఎండ పడుతుంది కదా, ఆ ఎండలో ఏం వేశారు? ఆ చెట్టు చింతపండు ఏయే ఇళ్ళకు పంచేవారు, వాళ్ళు ఈ ఏడు సంతలో కొనుక్కున్నారా? అమ్మవారు తమ చెట్టును కోరుకున్నదన్న గర్వమూ, చెట్టు పోయిందన్న వెలితీ ఒకే మనిషిలో ఎలా సర్దుకున్నాయి? దీనికి మీ వైపు నుంచి వ్యాఖ్య ఏమీ అక్కరలేదు, వాళ్ళ మాటలే చాలు.

అలాగే వల. ఊరేగింపులో ఆ వలను పట్టుకుని నడిచే మనిషి ఇప్పటికీ చేపలు పడుతున్నాడా? ఏ చెరువులో పడుతున్నాడు? పట్టడం మానేసి ఆటో నడుపుతూ ఏడాదికి ఒక్క రోజు వల చేత పడుతున్నాడా? ఏదైనా సరే, అది వార్తే.

ఒక ఏడాది ఉత్సవం మర్నాడు తెల్లవారుజామున నేను మూడు లాంతర్ల కూడలి వైపు నడిచి వెళుతుంటే రోడ్డు ఊడ్చేవాళ్ళు తెగిన చెప్పులను ఒక పక్క కుప్ప పోశారు. మోకాలెత్తు కుప్ప. అందులో పిల్లల చెప్పులు ఏరి వేరే పెడుతున్న ఒక అమ్మను ఎందుకని అడిగితే, ‘ఒంటివైనా పరవాలేదు బావూ, మా గుంటడికి కాళ్ళు రెండూ ఒక్క సైజు కావు’ అన్నది. పోలియో వచ్చిన పిల్లవాడు. ఆ సంవత్సరం నా వ్యాసంలో సిరిమాను ప్రస్తావన రెండు వాక్యాలకు మించలేదు.

ప్రశ్న: నాది రోజూ పదుల మందితో మాట్లాడే ప్రభుత్వ ఉద్యోగం. పింఛను కోసం, ధ్రువపత్రాల కోసం వచ్చేవారు వాళ్ళ కష్టాలన్నీ చెప్పుకుంటారు. వాటిని కథలుగా రాయవచ్చా? రాస్తే నమ్మకద్రోహం అవుతుందా? (ఒక ఉద్యోగి, టెక్కలి)

జవాబు: ఉద్యోగం నుంచి కథలు తీయడం మనవైపు కొత్త కాదు. శ్రీకాకుళంలో 1922లో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు వకీలు. కోర్టు వరండాలలో వినబడిన భాషా, అక్కడ నలిగిన మనుషులూ ఆయన కథల నిండా ఉన్నారు. అయితే మీ ప్రశ్నలోని రెండో సగం మొదటిదానికన్నా ముఖ్యమైనది, దానికి నా అనుభవమే చెబుతాను.

ఇరవై ఏళ్ళ కిందట మా దగ్గరి బంధువుల ఇంట్లో భూమి పంపకం దగ్గర జరిగిన ఒక మాటను నేను కథ చేశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, ఆవులను గేదెలు చేశాను. కాని ఆ ఇంటి పెద్దావిడ తన పెట్టె తాళంచెవిని మంగళసూత్రంతో కలిపి కట్టుకునే అలవాటును మాత్రం ఉన్నది ఉన్నట్టు పెట్టేశాను, అది లేకపోతే కథ లేదనిపించింది. పత్రిక ఆమె చేతికి ఎవరు ఇచ్చారో తెలియదు. ఆ తరువాత మా ఇంటి శుభకార్యాలకు ఆమె రాలేదు. పోయే వరకు నాతో మాట్లాడలేదు. కథ బాగుందని ఆ రోజుల్లో చాలామంది అన్నారు, అది నాకు ఏ విధంగానూ ఊరట కాలేదు.

కనుక మీ బల్ల ముందుకు వచ్చిన మనిషి తనను తాను గుర్తు పట్టగలిగిన కథ రాయకండి. కాగితాలలోని వివరం అసలే ముట్టుకోకండి, అది వాళ్ళది, ప్రభుత్వానికి అప్పగించినది, మీకు చెప్పినది కాదు. మీకు నిజంగా పనికివచ్చేవి వేరే ఉన్నాయి. వేలిముద్ర యంత్రం ముందు అరిగిపోయిన వేళ్ళను చీరకొంగుతో తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ నొక్కే ముసలివారు ఒక్కరు కారు, వందమంది. ఆ వందమందిలో ఎవరి కథా కానిదాన్ని మీరు కల్పించవచ్చు. విన్నది విన్న నెలలోనే రాయకుండా రెండు మూడేళ్ళు ఆగితే ముఖాలు మాసిపోయి పని మాత్రం మిగులుతుంది. ఒకవేళ ఒక్క మనిషి కథే రాయక తప్పదనిపిస్తే, వెళ్ళి అడగండి. వద్దంటే మానేయండి.

ప్రశ్న: మాది సరిహద్దు ఊరు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో మరొకటి. మా తెలుగు మాటలు చూసి బయటివారు నవ్వుతారు. ఈ భాషలో రాస్తే పత్రికలు తీసుకుంటాయా? అసలు ఈ గందరగోళంలో నాకు సొంత విషయం అంటూ ఏముంటుంది? (ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం)

జవాబు: మీరు గందరగోళం అంటున్నదాన్ని చూసి నాకు అసూయగా ఉంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సంతకు దిగి వచ్చే సవర గిరిజనుల మాటలు చెవిన పడితే, వాటిని నేర్చుకోవడానికి సవర తెలిసినవారిని ఇంట్లో పెట్టుకున్నారు. అప్పటికి రాతలో లేని ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేశారు. ప్రజలు మాట్లాడే తెలుగు రాతకు తగినదేనని పండితులతో దశాబ్దాలు వాదించినదీ ఆయనే. మీ సరిహద్దు నుంచి బయలుదేరిన వాదమే ఆగస్టు 29న రాష్ట్రమంతా మనచేత తెలుగు భాషా దినోత్సవం జరిపిస్తోంది. పత్రికలు తీసుకుంటాయా అన్న భయం పెట్టుకోకండి. నేను చూసినంతలో, మాండలికం ఉన్నందుకు తిరిగి వచ్చిన కథల కంటె, పనిమనిషి చేతా పాలేరు చేతా మాత్రమే మాండలికం మాట్లాడించి నవ్వు పుట్టించాలని చూసినందుకు తిరిగి వచ్చినవే ఎక్కువ.

ఇక విషయం. మీకు మాటలే విషయాలు. ఒక పని చేయండి. మీ నాయనమ్మ తరం వాడి, మీ తరం వాడని మాటలు ఒక ముప్పై పోగు చేయండి. ఉభాలు (వరి నాట్లు), కళ్ళం (ధాన్యం నూర్చే చోటు), గెడ్డ, బేగి (త్వరగా) వంటివి ఇంకా నాలుక మీద ఉన్నాయి. కంబారి అన్న మాట చూడండి. ఏడాదికి ఇంత ధాన్యమని మాట్లాడుకుని రైతు ఇంట పనికి కుదిరేవాడిని అలా అనేవారు. ఆ మాట మీ ఊళ్ళో ఎప్పుడు వినబడడం మానింది? ఆఖరిసారి కంబారిగా కుదిరిన మనిషి ఎవరు, అతని కొడుకు ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ మేస్త్రీ కింద ఉన్నాడు, ఆ కొడుకు తన యజమానిని ఏమని పిలుస్తున్నాడు? కుంచం చూడండి. నాలుగు మానికలు ఒక కుంచం. ధాన్యం కొలిచిన ఆ కుంచం ఇప్పుడు ఏ ఇంట్లో పడి ఉంది, దానిలో ఏం పోస్తున్నారు? కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని లెక్క మొదలుపెట్టేవారు. కూలి కొలిచేటప్పుడు కూడా లాభమే అనేవారు, అప్పుడు ఆ లాభం ఎవరిదో పుచ్చుకునేవాడికి తెలుసు. ఒక్క మాట వెనుక ఇంత ఉంది. మాట పోయిన చోట ఏదో ఒక బంధమో బాధో కూడా పోయి ఉంటుంది, అది ఏదో కనిపెట్టడమే మీ పని.

అత్త ఒడియా మాట్లాడే ఇంట్లోకి తెలుగు మాత్రమే తెలిసిన కోడలు వచ్చిందనుకుందాం. మొదటి ఏడాది వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడానికి ఏ భాష వాడుకున్నారు? పాలకొండ పాఠకురాలు అత్తాకోడళ్ళ విషయం అయిపోయిందన్నారు, ఆమె కూడా ఇది చదువుతారని ఆశిస్తున్నాను.

ప్రశ్న: తిత్లీ తుఫాను గురించి రాయాలని అప్పటి నుంచి అనుకుంటున్నాను. అందరూ రాసేశారు. ఇప్పుడు రాస్తే పాతబడిపోయిందంటారేమో. (ఒక కొబ్బరి రైతు, కవిటి ప్రాంతం)

జవాబు: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన గాలిని అందరూ రాశారు, నిజమే. కూలిన చెట్టు, ఎగిరిన పైకప్పు, చీకటి, నీళ్ళ కోసం వరుసలు. నెల రోజులలో వచ్చిన కవితలు నేనూ చదివాను. పది కవితలలో తొమ్మిదింటిలో కొబ్బరిచెట్టును కొడుకుతో పోల్చారు. గాలి ఒక్క పూట వీచింది. మీరు రైతు, మీకు తెలియనిది కాదు, దేశవాళీ కొబ్బరి మొక్క పెడితే కాపు మొదలు కావడానికి ఆరేడేళ్ళు పైనే పడుతుంది. అంటే ఆ మరుసటి ఏడు మీరు పెట్టిన మొక్క ఇప్పుడిప్పుడే గెల వేసే వయసుకు వస్తోంది. ఈ నడుమ ఏడేళ్ళు ఉన్నాయి. ఆ ఏడేళ్ళు మీ కొబ్బరితోటల సీమ ఉద్దానంలో రైతు ఏం తిన్నాడు, కొబ్బరి దింపు పని చేసేవాళ్ళు చెట్లు లేనప్పుడు ఏ పనికి వెళ్ళారు, వెళ్ళినవాళ్ళు ఇప్పుడు కాపు వచ్చాక చెట్టు ఎక్కడానికి తిరిగి వచ్చారా, ఎక్కడం మరచిపోయారా, పరిహారం జాబితాలో చెట్ల లెక్క దగ్గర అన్నదమ్ముల మధ్య వచ్చిన మాట ఇంకా తెగిందా లేదా? ఈ ఏడేళ్ళను రాసినవారు నాకు అరుదుగా తగిలారు. తొలి గెల దింపిన రోజున మీ ఇంట్లో ఆ కాయను ముందు ఎవరికి ఇచ్చారో, లేక ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో, అక్కడ మొదలుపెట్టండి. పాతబడింది తుఫాను, మీ చెట్టు కాదు.

ప్రశ్న: ఇతరుల కథలు ఎక్కువ చదివితే వాళ్ళ ఆలోచనలే నాకు వస్తాయేమోనన్న భయంతో చదవడం మానేశాను. సరైన పనేనా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: కాదు. చదవనివాడే ఇదివరకు వచ్చినదాన్ని కొత్తదనుకుని రాస్తాడు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. తన జీవితకాలంలో ఆయన అడిగి, తిరిగి, పోగు చేసిన కథల సంపుటాలూ పాత పత్రికలూ అక్కడ ఉన్నాయి. చీపురుపల్లి నుంచి రైలెక్కితే ఆమదాలవలస, అక్కడి నుంచి ఆటో. పాత పత్రిక చేతికి వచ్చినప్పుడు కథలతో ఆగిపోకుండా ప్రకటనలూ, పాఠకుల లేఖలూ, వరుడు కావలెను అన్న మూడు పంక్తుల ముక్కలూ కూడా చదవండి. నాకు తెలిసినంతలో వాటి నుంచి దొంగిలించారన్న నింద ఎవరి మీదా రాలేదు.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను. ముప్పై ఏళ్ళ కిందట రాసి అచ్చు వేయించిన కథ ఒకటి ఇప్పటికీ మనసులో మెదులుతోంది. కొత్తవి ఏవీ తోచనప్పుడు దానినే మళ్ళీ రాయవచ్చా? ఇది ఓటమి అనిపించుకోదా? (ఒక విశ్రాంత ఉద్యోగి, నరసన్నపేట)

జవాబు: ఓటమి అనుకుంటే పైన చెప్పిన నాటకమే మనకు దక్కేది కాదు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శన పొందింది, 1897లో అచ్చయింది. అంతటితో తృప్తి పడి ఉంటే మొదటి కూర్పే మిగిలేది. గురజాడ వారు దానిని విప్పి, పెంచి, 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్ళీ అచ్చు వేశారు. ఈనాడు మనం మధురవాణి అంటూ తలచుకునేది ఆ రెండో కూర్పులోని మధురవాణినే.

మీ కథ ప్రతిని కూడా పంపారు కనుక ధైర్యంగా ఒక మాట చెబుతాను. అందులో ఒక గుమస్తా, తన కొడుకు ఫీజు కోసం ఆఫీసు డబ్బు వాడుకుని, పట్టుబడి, కన్నీరు పెట్టుకుంటాడు. మీకు అప్పుడు వయసు ముప్పై లోపు కనుక మీరు కథనంతా కొడుకు వైపు నుంచి చూశారు. ఆ గుమస్తా మీద నివేదిక రాసిన పై అధికారి మీ కథలో రెండు చోట్ల తలుపు తీసుకుని వచ్చి వెళ్ళిపోతాడు, అతనికి పేరు కూడా పెట్టలేదు. తరువాత ముప్పై ఏళ్ళలో మీరు ఆ కుర్చీలో కూర్చున్నారని ఉత్తరంలో రాశారు. ఆ నివేదిక రాయడానికి ముందు రోజు రాత్రి అతను ఇంటికి ఎన్నింటికి వెళ్ళాడు, భార్యకు చెప్పాడా, కాగితంలో మొదటి వాక్యం ఎన్నిసార్లు కొట్టివేశాడు? పాత ప్రతిని ఎదురుగా పెట్టుకోకుండా, అక్కడి నుంచి రాసి పంపండి.